రాజపాళయపు జాగిలము

జాగిలమనగా వేటకుక్క. మన కోశములు సామాన్యముగా నీ పదమున కింతకు మించి యర్థము చెప్పవు. బ్రౌనుదొర నిఘంటువునందును ఇదియే యున్నది. వేటకుక్క యెట్లుండును, ఊరకుక్కకంటె దాని యంగసౌష్ఠవ మెందు వేఱు, దాని స్వభావ మెట్టిది యను ప్రశ్నలకు కోశమునందు సమాధానము దొరకదు. దొరకవలెనని కోరుటయు న్యాయము కాదు. అమరసింహుడు మాత్ర మొక సూక్ష్మమైన విభాగము చేసినాడు. కౌలేయకము, సారమేయము, కుక్కురము, మృగదంశకము, శునకము, భషకము మున్నగు సామాన్యనామములను చెప్పి, వెఱ్ఱియెత్తిన కుక్కకు అలర్కమనియు, మృగయాకుశలమైన దానికి విశ్వకద్రువనియు ప్రత్యేకనామముల నిచ్చినాడు. ఈ పేళ్లలో కుక్కయొక్క మూడు వ్యాపారములు కనుపించును. కౌలేయకము కులమునకు, అనగా ఇంటికి, చెందినది. మృగదంశకము మృగమును కఱచునది. భషకము మొఱుగునది. ఇంటిని కనిపెట్టుట, మృగమును పట్టుట, క్రొత్తవానిని చూచి నోరెత్తుట. ఈ మూడింటిలో ఏ గుణ మెంత పాలుండవలెనో తన జీవనమునుబట్టి నిర్ణయించుకొని, ఆ నిర్ణయము ననుసరించి తరతరములుగా పిల్లలను ఏరుకొనుచు వచ్చిన మనుష్యుని చేతిపనియే జాగిలజాతి.

ఇట్టి జాతులలో తెలుగువారి పేరుతో ముడివడి, తెలుగుదేశమునకు వెలుపల పెరిగినది యొకటి కలదు. తమిళనాడున విరుదునగర మండలమునందలి రాజపాళయపు జాగిలమది. దానిని గూర్చి రెండు మాటలు తఱచుగా వినబడుచుండును. విజయనగరకాలమున దక్షిణమునకు వలసపోయిన తెలుగు రాజులు దానిని తమతో తోడ్కొనిపోయిరనునది మొదటిది. పాలవలె తెల్లగా నుండుటయే దాని జాతిలక్షణమనునది రెండవది. ఈ రెండు మాటలలో నిలువదగిన దెంత యని చూచుట నా యుద్దేశము. మొదటిది మన వలసల చరిత్రకు సంబంధించినది. రెండవది కుక్కపిల్లల ప్రాణములకు సంబంధించినదగుటచే దానికడ నేను కొంత యెక్కువసేపు నిలిచినచో పాఠకులు మన్నింతురుగాక.

రాజపాళయము మధురకు నైరృతిదిశయందు, పడమటి కనుమల పాదమున నున్నది. 1985లో విరుదునగర మండల మేర్పడుటకు పూర్వ మది రామనాథపుర మండలమున చేరియుండెను. అచ్చటి రాజులు తమిళుల నడుమ శతాబ్దములు గడిపియు ఇంటిలో తెలుగు మాటాడుదురు. మదరాసు రాష్ట్రమునకు 1949 నుండి 1952 వఱకు ముఖ్యమంత్రిగా నుండిన పి. ఎస్. కుమారస్వామిరాజా ఈ ఊరివారే. ఊరిపేరు విప్పి చెప్పినచో రాజుల పాళెము. పాళెమనగా దండు విడిసిన చోటు. తెలుగునాట పాళెములు, పాలెములు లెక్కకు మిక్కిలి. 1529 ప్రాంతమున మధుర నాయకరాజ్యమునకు పునాది వేసిన విశ్వనాథనాయకుని కాలమున ఆ దేశము డెబ్బదిరెండు పాళెములుగా విభక్తమయ్యెనని ప్రసిద్ధి. ఆ పాళెగాండ్రలో తెలుగువారు పలువురు. పాళెగాడు సేనను పోషింపవలెను, పొలిమేరను కాపాడవలెను, కొండ దిగివచ్చు మృగములనుండి పైరును రక్షింపవలెను. ఇట్టివాని యింట వేటకుక్క విలాసమునకు పెంచునది కాదు. ఈ జాతికి పాళెగారు జాగిలమను నామాంతరము వచ్చుట యందుచేతనే.

ఇక రూపము. మూపునొద్ద దీని యెత్తు సుమారు 65 మొదలు 75 సెంటీమీటర్లు. ఆడుది మగదానికంటె కొంచెము పొట్టి. ఱొమ్ము లోతైనది. ప్రక్కటెముకలు దాటిన పిమ్మట కడుపు లోనికి లాగినట్లుండును. వీపు నడుమున కొద్దిపాటి వంపు, దాని వెనుక కండపట్టిన తొడలు, నిడుపైన తిన్నని కాళ్లు. పరువెత్తు జంతువునకు గుండెయు ఊపిరితిత్తులును ఇమిడి యాడుటకు చోటు కావలెను, మోయనక్కఱలేని పొట్ట యుండరాదు. ఇంతవఱకు చిప్పిపాఱై, కన్ని అను పొరుగుజాతులకును, కర్ణాటమునందలి ముధోలు జాగిలమునకును లక్షణ మొక్కటియే. కాని యవి కుందేటిని, లేడిని తఱుముట కేర్పడినవి. సన్నని యెముక, సన్నని మోర, చూపున కొక కొరడా కదలినట్లుండును. రాజపాళయపు కుక్క యెముక లావు, దవడ బలిష్ఠము, పుఱ్ఱె వెడల్పు. అడవిపందిని కలిసికొనుటకు వేగము చాలును గాని, కలిసికొనిన తరువాత దానిని నిలువరించుటకు బరువును పట్టును ఉండవలెను. తేలికతనమును పూర్తిగా వదలుకొనక బలమును సంపాదించుకొన్న దేహమది. నడచుచుండగా దీనిని చూచినవారికి ఈ మాట సులభముగా తెలియును. అడుగు దూరముగా పడును, చప్పుడు కాదు.

వెండ్రుక పొట్టిది, మెత్తనిది, చర్మమునకు అంటుకొని యుండునది. మెడక్రింద తోలు కొంచెము వదులు. చెవులు నడుమ మడతపడి చెంపలమీదికి వ్రాలును. తోక మొదట లావై చివరకు సన్నగిలి, కొన యించుక పైకి వంగును. కన్నులు బంగారువన్నె. ముక్కు గులాబివన్నె; రెప్పల అంచులును, పెదవుల లోపలి భాగమును అదేవన్నె. మెయిరంగు పాలతెలుపు. ముసలితనమున ఆ తెలుపున దంతచ్ఛాయ చేరును. తెల్లని మొగమున ఆ గులాబిముక్కును, ఆ పసుపుకన్నులును చూచి మొదటిసారి కొందఱు వెఱతురు. కుక్క కన్నులు నల్లగా, తడిగా, దయగా ఉండవలెనని మనము చిన్ననాటినుండి అలవాటుపడినవారము గదా.

స్వభావమును గూర్చి వ్రాయుటకు పూర్వ మొక యనుభవము చెప్పెదను. దక్షిణదేశపు తెలుగు మాండలికములలోని బంధువాచకములను సేకరించుటకై నే నొకసారి రాజపాళయమునకు పోయి యొక పెద్దవారి యింట మూడుదినములుంటిని. నేను వీధిగుమ్మము దాటినపుడు కుక్క మొఱుగలేదు. లోపలినుండి వచ్చి నాకును ఇంటియజమానికిని నడుమ అడ్డముగా నిలిచినది. మర్యాదకొఱకు నేను చేయి చాపబోగా ఆ పెద్దాయన, "చెయ్యి చాపకండి, అయ్యవారూ. చూడనీయండి దాన్ని. రావాలనుకుంటే అదే వస్తుంది" అనిరి. మూడుదినములలో అది రానేలేదు. నేను మాట వ్రాసికొనుచున్నంతసేపును ఎదుటి అరుగుమీద పండుకొని నా చేతిని చూచుచుండెను. ఆయన మనుమరాలు, నాలుగేండ్ల బిడ్డ, దాని చెవి పట్టి లాగుచుండగా మాత్రము కన్నులు మూసికొని యోర్చుకొనెను. బంధువాచకములు నలువది దాటి సేకరించితిని గాని, ఆ యింటి బంధువర్గమున నాకు చోటులేదని ఆ కుక్క స్పష్టముగా తెలిపినది.

ఇది యొక్క కుక్క గుణము కాదు. ఈ జాతి యంతయు ఒక యజమానికి, మహా యైన నొక కుటుంబమునకు, కట్టుబడునది. పరాయివారు తాకుట దానికి సహింపదు. పెంచువారు చేతులు మార్చినచో క్రొత్తయింట అలవాటుపడుట కష్టము. ఈడు వచ్చిన పిదప కొనితెచ్చుకొన్నవారు పలువురు చింతించినవారే. పిల్లిని, కోడిని, మేకపిల్లను చిన్నప్పటినుండి తనతో పెరిగినవైననే గాని వేటాడదగిన వస్తువులుగానే చూచును. పగలు రేయి గొలుసున కట్టివేసినచో క్రౌర్యము ముదురును. దానికి పరుగిడ చోటు కావలెను, చేయుటకు పని కావలెను. నగరములలో మూడవ యంతస్తున రెండుగదుల వాసమున దీనిని పెంచబూనుట కుక్కకును పొరుగువారికిని అపకారము. అమరుని మాటలలో చెప్పవలెనన్నచో ఇది మొదట కౌలేయకము, ఆ తరువాత మృగదంశకము. భషకత్వము చాల తక్కువ. మొఱుగుకుక్కలకు లేని ప్రమాద మిందున్నది. హెచ్చరిక వినబడదు.

ఇప్పుడు మొదటి మాటకు వత్తును. తెలుగువారు దీనిని వెంటబెట్టుకొనిపోయిరనుటకు సాక్ష్యమేమి? దక్షిణాపథమున వేటకుక్కల గౌరవము పాతది, సందేహము లేదు. కల్యాణి చాళుక్యరాజైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దపు పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున రాజవినోదముల నడుమ సారమేయవినోదమును ప్రత్యేకముగా చేర్చినాడు. అంతకు పూర్వపుదైన ఆతకూరు శాసనము మఱింత హృద్యము. అది నేటి మండ్య మండలమున దొరకినది, శక సంవత్సరము 872నాటిది, అనగా క్రీ. శ. 949-50. తక్కోలము యుద్ధమున చోళరాజకుమారుడైన రాజాదిత్యుడు పడిన తరువాత, రాష్ట్రకూట మూడవ కృష్ణుడు గంగరాజైన బూతుగుని భటుడు మణలేరుని పరాక్రమమునకు మెచ్చి వరము కోరుకొమ్మనెను. అతడు గ్రామము నడుగలేదు, ధనము నడుగలేదు. రాజుగారి వేటకుక్కను, కాళి యనుదానిని, అడిగి పుచ్చుకొనెను. పిదప ఆ కుక్కను ఒక మహావరాహముమీద విడువగా రెండును పోరాడి చచ్చెను. కుక్క పేర శిల నిలిపి, దానికి భూమి నిచ్చి, పూజ యేర్పఱచిరి. శిలమీద పందియు కుక్కయు పెనగులాడుచున్న చిత్రము నేటికిని చూడవచ్చును. వీరునికి వీరగల్లు నిలుపుట కన్నడతెలుగుదేశములలో సామాన్యము. కుక్కకు నిలిపిన వీరగల్లు అరుదు. కాళి యను పేరు నలుపును స్ఫురింపజేయునేమో గాని, పేరునుబట్టి మెయిరంగును నిర్ణయించుట సాహసము.

మన ప్రబంధములందు మృగయావర్ణన మొక యాచారముగా స్థిరపడినది. మనుచరిత్రమున స్వరోచి వేటయందును, కాళహస్తిమాహాత్మ్యమున తిన్నని వేటయందును జాగిలములు పాత్రధారులే. వానిని పట్టుకొని నడచు వేటకాండ్ర హడావుడి, ఉచ్చులు వలలు, పొదలలో చొచ్చుట, పంది తిరుగబడుట మున్నగునవి చదువునపుడు కవులు వేటను చూచినవారే యని తోచును. అయినను వాని యాధారమున ఒక జాతిని గుర్తించుట సాధ్యము కాదు. కవికి కావలసినది వేట యుద్రేకము. కుక్క మూపు ఎన్ని బెత్తలో అతనికి పని లేదు. విజయనగర రాజులకు వేటకుక్కలుండెననుటకు ఈ వర్ణనలు సాక్ష్యము. ఆ కుక్కలే రాజపాళయపు కుక్కల కులమూలమనుటకు సాక్ష్యము కావు. ఈ రెండు వాక్యములకు నడుమనున్న దూరమును మన జాత్యభిమానము తఱచుగా నొక్క గంతున దాటించును.

మఱియొక వైపునుండి చూతము. రాజపాళయమునకు చుట్టుప్రక్కలనే చిప్పిపాఱై, కన్ని, కొంబై జాతులు పుట్టినవి. అన్నియు ఎండకు, మెట్టనేలకు, కొండవారకు అలవాటుపడినవి. దేహనిర్మాణమున వీనికి దగ్గఱి చుట్టఱికమున్నది. ఇటు మన కోస్తాయందు స్వదేశీయమని చెప్పదగిన జోనంగి కుక్క కొల్లేటి ప్రాంతమున బాతులమందలను కాచుటకు వాడబడినది. పొట్టిదైన నునుపు వెండ్రుకయు, నుదుటి ముడుతలును, మొఱుగునకు మాఱు రాగము తీసినట్టి కూతయు దాని గుర్తులు. రాజపాళయపు జాగిలమునకు దానితో పోలిక లేదు. కావున వలసపోయిన రాజులు కుక్కలను కాక, కుక్క యెట్లుండవలెనను తలపును తీసికొనిపోయిరనియు, అచ్చటి నేలకు తగిన కుక్కలనే చేపట్టి కొన్ని తరములలో తమ యవసరమునకు అనుగుణముగా దిద్దుకొనిరనియు నా యభిప్రాయము. వారి తెలుగును చూడుడు. మూలము మనది, పలుకుబడి ఆ దేశపు గాలి సోకినది. కుక్క విషయమున మూలము కూడ ఆ దేశపుదే కావచ్చును, దిద్దిన చేయి మాత్రము వారిది.

పాళెగాండ్ర యుద్ధములలో ఈ కుక్కలు కుంపిణీవారి గుఱ్ఱములపై బడి సేనను చెదరగొట్టెనని జనశ్రుతి కలదు. కట్టబొమ్మను 1799లో కయత్తాఱున ఉరితీయబడిన తరువాత ఆ ప్రాంతమున పుట్టిన వీరగాథలలో గుఱ్ఱములకు, కత్తులకు, కుక్కలకు గూడ పౌరుషము పంచిపెట్టబడినది. దీనిని జానపదవాఙ్మయముగా చదువుకొనుట మంచిది.

రెండవ మాట తెలుపు. ఈ జాతికి ఒక్క తెలుపే పుట్టుకతో వచ్చిన రంగు కాదు. ఒకే యీతలో తెల్లనివానితోపాటు నల్లనివి, గోధుమవన్నెవి, మచ్చలవి పుట్టుచునే యుండును. తెల్లనివానిని మాత్రమే దాచుకొని తక్కినవానిని కన్నులు తెఱవకమునుపే చంపివేయు నాచారము పెంపకపుదార్లలో చాలకాలము సాగినది. తెలుపు రాజసమని, గొప్పయింటి గుర్తని భావము. అమ్మకమున ధరయు తెల్లదానికే. పోటీలలో పాటించు ప్రమాణములు తెలుపును, గులాబిముక్కును నియమముగా నిలిపినందున ఆ భావమునకు శాసనబల మబ్బినది.

ఆ తెలుపునకు కుక్క యిచ్చుకొన్న మూల్యము చెవి. రాజపాళయపు పిల్లలలో పుట్టుచెవుడు ప్రసిద్ధము. దాని కారణ మిప్పుడు శాస్త్రజ్ఞులకు చక్కగా తెలిసినదే. గర్భస్థపిండమున వర్ణకణములు నాడీతంతువుల మూలస్థానమున పుట్టి, దేహమంతట ప్రాకి, చర్మమునకును రోమములకును రంగు నిచ్చును. ఆ కణములలో కొన్ని చెవిలోపలి శంఖాకృతిగల భాగమునకు చేరి, అచ్చటి ద్రవమున లవణముల సమతను నిలుపు పొరకు ఆధారమగును. రంగు లేకుండుటకై ఏరి యేరి పెంచినచో వర్ణకణములు చర్మమునకు చేరకపోవుటయే కాక చెవికిని చేరవు. ఆ పొర క్షీణించును. శబ్దమును గ్రహించు సూక్ష్మరోమకణములు పుట్టిన కొలది వారములలో నశించును. అటుపిమ్మట చికిత్స లేదు. డాల్మేషియను కుక్కలయందును ఇదే స్థితి. బొల్లివంటి పాండురోగము వేఱు, జన్మతః వర్ణద్రవ్యమే తయారుకాని ధవళత వేఱు. ఆ రెండవదానిలో వర్ణకణములు ఉండవలసిన చోటనే యుండును గనుక చెవికి హాని యుండదు. రాజపాళయపు తెలుపు అట్టిది కాదు. కణములే రాకపోవుటచే కలిగిన తెలుపు.

వేటకుక్కకు చెవి లేకుండుట యనగా నేమో పాఠకులు ఊహింపగలరు. తల్లి అడుగుచప్పుడునకు తక్కిన పిల్లలు లేచును, చెవిటిపిల్ల నిద్రపోవుచునే యుండును. పిలుపు వినదు, బండి చప్పుడు వినదు. వెనుకనుండి ముట్టినచో ఉలికిపడి కఱచును, కఱచినదని కొట్టుదురు. పెంచువారు ఇదంతయు నెఱిగియు తెలుపును వదలలేదు. చెవిటిదానిని పాఱవేసిరి, రంగుదానిని చంపిరి, మిగిలిన కొలదివానితో మఱల తెల్లవానినే కలిపిరి. ఇట్లు జాతి యంతకంతకు ఇరుకుదారిలో పడినది.

మన వాఙ్మయమున మొదటిదిగా లెక్కింపబడు నాంధ్రమహాభారతమున, ఆదిపర్వమున, తొలి కథలలో నొకటి సరమ కథ. జనమేజయుని సత్త్రశాలకు ఆడుకొనుచు వచ్చిన దేవశుని కొడుకును రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. అది హవిస్సును చూడలేదు, నాకలేదు. తల్లి వచ్చి ధర్మము నడిగినది. సమాధానము రాకపోగా, అనుకొనని భయము వాటిల్లునని శపించిపోయినది. నన్నయ ఆ కుక్కపిల్ల రంగేమో చెప్పలేదు. అపరాధము లేదన్నది ఒక్కటియే కథకు చాలినది. వైదికసంప్రదాయమున యమునికి కావలిగా నుండు సరమాపుత్రులు మాత్రము శ్యామ శబలములు, అనగా ఒకటి నల్లనిది, ఒకటి మచ్చలది. మన ప్రాచీనులు పరలోకద్వారమున నిలుపదగినవని తలచిన వన్నెలనే రాజపాళయమున గోనెసంచిలో కట్టి పాఱవైచిరి. ఈ వాక్యము వ్రాయుటకు నాకు సంతోషము లేదు. నేను చూచిన యింటివారే తమ తండ్రి కాలమున ఇది జరిగినదని దాచక చెప్పిరి.

ఇక జాతి క్షయమునకు తక్కిన కారణములు త్వరగా చెప్పవచ్చును. 1948 నాటి మదరాసు ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందార్ల వేటశాలలు మూతపడినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేటయే నేరమైనది. అది కావలసిన చట్టమే. కాని జాగిలమునకు వృత్తి పోయినది. తోటలను, పొలములను, ఇండ్లను కాచుట యొక్కటే మిగిలినది. సీమకుక్కలు గొప్పయిండ్ల అరుగులెక్కినవి. తమిళనాడు ప్రభుత్వము 1980 ప్రాంతమున సైదాపేటలో స్వదేశీయ కుక్కల పెంపకమునకు నెలకొల్పిన కేంద్రము 2016లో న్యాయస్థానపు టుత్తరువున మూతపడినది. 2005 జనవరిలో తపాలాశాఖ హిమాలయపు గొఱ్ఱెలకాపరి కుక్కతోను, రాంపురు, ముధోలు జాగిలములతోను పాటు దీనికి నొక తపాలాబిళ్ల వెలువరించెను. కర్నాలులోని జాతీయ పశుజన్యువనరుల సంస్థ ముధోలు, చిప్పిపాఱైలతోపాటు దీనిని గుర్తింపబడిన స్వదేశీయజాతిగా నమోదు చేసినది. 2020 ఆగస్టున ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున స్వదేశీయజాతులను పెంచుకొండని చెప్పుటతో గిరాకి పెరిగినది. గిరాకితోపాటు తెల్లని కుక్కల నన్నింటిని రాజపాళయపువని యమ్ము వ్యాపారమును పెరిగినది. కొనువారు రంగును చూచినంతగా చెవిని పరీక్షించుట లేదు. అయిదువారములు దాటిన పిల్లకు రెండుచెవులు వేఱువేఱుగా శ్రవణపరీక్ష చేయు యంత్రములు ఇప్పుడున్నవి. ఒకచెవి మాత్రమే వినబడు పిల్లను చప్పట్లు కొట్టి కనిపెట్టలేము; అది పెరిగి యీనినచో దోషమును సంతానమునకు పంచును.

రంగుపిల్లలను నిలుపుకొని తెల్లవానితో కలుపుటయే చెవిని కాపాడు మార్గమని పెంపకపుదార్లలో కొందఱు గ్రహించినారు. ప్రమాణముల నియమము వారికి అడ్డు. నియమమును వ్రాసినది మనుష్యులు గాన దిద్దుటయు మనుష్యులకు సాధ్యమే. నేను బస చేసిన యింటి పెరటిలో, బావిగట్టు ప్రక్కన, వెనుకటి యీతలోనిదట, గోధుమవన్నె మచ్చలుగల యాడుకుక్క యొకటి యుండెను. వీధివైపు వచ్చినవారికి దానిని చూపరు. నే నడుగగా ఆ పెద్దాయన కొంచెము సిగ్గుపడి, "దానికి చెవి బాగా పనిచేస్తుందండి" అనిరి. బావి కావలి గిలక కిఱ్ఱుమన్న చప్పుడునకు అది అప్పుడే మాకంటె ముందు తల త్రిప్పెను.